పద్నాలుగో ప్రశ్న

ఆఫీసులో ఆవిడని అందరూ కామాలమ్మ అనేవాళ్ళు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది? ఎర్ర పెన్ను పుచ్చుకుని ఆవిడ ఒక కాగితం మీదకి వంగిందంటే, రాసినవాడికి ముచ్చెమటలు పట్టాల్సిందే. "ఇక్కడ కామా ఏదయ్యా? ఊపిరి తీసుకోకుండా చదివి చావమంటావా జనాన్ని?" అని అడిగేది. ముప్పై ఒక్క ఏళ్ళు అదే బల్ల, అదే కిటికీ, అదే ఎర్ర పెన్ను. కుర్చీ మాత్రం రెండుసార్లు మారింది.

ఆవిడ ఉండేది బీమా కంపెనీలో ఫారాల సెక్షన్. పాలసీ ఫారాలు, రసీదులు, ఇళ్ళకి వెళ్ళే ఉత్తరాలు, ఏ ముక్కైనా తెలుగులో బయటికి వెళ్ళాలంటే ఆవిడ బల్ల దాటి వెళ్ళాలి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "పెళ్ళిలో కామాలుండవమ్మా, అంతా ఫుల్‌స్టాపే," అని నవ్వేసేది. రెండు వీధుల అవతల చెల్లెలి ఇల్లు. చెల్లెలు, చెల్లెలి మొగుడు, వాళ్ళమ్మాయి, చెల్లెలి అత్తగారు. అదే ఆవిడ సంసారం. ఆదివారం భోజనం అక్కడే. వెళ్ళకపోతే పిల్ల వచ్చి చెయ్యి పట్టుకు లాక్కుపోయేది.

చెల్లెలి మొగుడు షాపులకి బోర్డులు రాసే పెయింటరు. ఊళ్ళో రంగులాయన అంటే తెలియనివాళ్ళు లేరు. బక్కపల్చటి మనిషి, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు. చేతిరాత చూస్తే మాత్రం కళ్ళకద్దుకోవాలనిపించేది. "వదినగారూ, మీరు అక్షరానికి నిలువుగా తప్పులు పడతారు, నేను అడ్డంగా రంగు వేస్తాను. ఇద్దరం ఒకే తిండి తింటున్నాం," అని ఆటపట్టించేవాడు. నలభై దాటగానే బీపీ వచ్చింది. ఇక చెల్లెలు ఊరుకుంటుందా? కంచం పెట్టడం ఆలస్యం, "మందు వేసుకున్నారా?" అని మొదలు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. "వేసుకుంటానే తల్లీ, రెండు ముద్దలు తిననీ ముందు," అనేవాడాయన. పోయినేడు అక్కకీ బీపీ వచ్చాక, ఆదివారాలు ఆ ప్రశ్న ఇద్దరికీ కలిపి పడేది. "మందు వేసుకున్నావా అక్కా?"

ఈ మాట గుర్తుపెట్టుకోండి. కామాలమ్మ గుర్తుపెట్టుకోలేదు, అదీ వచ్చిన చిక్కు. ప్రతి ఆదివారం చెవిన పడే మాట బల్ల ముందు కూర్చోగానే చెవిలోంచి జారిపోయింది.

అసలు కథ గ్రూపు రావడంతో మొదలైంది. వీళ్ళది చిన్న కంపెనీ. మూడంతస్తుల మేడ, నడిస్తే నడిచే లిఫ్టు, మధ్యాహ్నం మూడింటికి అందరూ కలిసి టీ. సముద్రాల అవతల ఎక్కడో ఉన్న పెద్ద బీమా గ్రూపు ఒకటి వచ్చి, దీన్ని గుటుక్కున మింగేసింది. అప్పటికే ఏడు దేశాల్లో ఏడు కంపెనీలు మింగిందట. ఇది ఎనిమిదోది. కింద హాల్లో ఈ గోడనుంచి ఆ గోడదాకా ప్రపంచ పటం పెట్టారు. పైనుంచి వచ్చిన దొర ఒకాయన ఎనిమిదో పిన్ను తీసి అందరి ముందూ దానిమీద గుచ్చాడు. చప్పట్లు కొట్టమంటే కొట్టారు. ఆ రోజునుంచి ఆయన పిన్నులాయన.

పిన్నులాయన పద్ధతి ఒకటే. ఎనిమిది దేశాల్లోనూ ఒకటే ఫారం. ప్రశ్నలు ఏ భాషలో ఉన్నా నంబర్లు మారకూడదు. జనం గళ్ళలో టిక్కు పెడతారు, ఆ టిక్కులు కంప్యూటర్‌లో సముద్రం దాటి హెడ్డాఫీసుకి పోతాయి. అక్కడివాళ్ళకి మన మాటలతో పనిలేదు, టిక్కులు చాలు. పద్నాలుగో ప్రశ్న ఎక్కడైనా పద్నాలుగో ప్రశ్నే. అది తాగుడు గురించి.

"ఒక్కటి మాత్రం చూడండి," అన్నాడాయన, పక్కనున్న మేనేజరు దాన్ని తెలుగులో చెప్పాడు. "ఫారం పండితులు చదివేట్టు ఉండకూడదట. బస్టాపులో నిలబడ్డ మనిషికి అర్థం కావాలట."

కామాలమ్మకి ఆ మాట తేనెలా వినపడింది. ముప్పై ఏళ్ళుగా తను మొత్తుకుంటున్నది అదే కదా! పాత ఫారంలో ఈ ప్రశ్న "మద్యపానము చేయు అలవాటు కలదా?" అని ఉండేది. దాన్ని చూసి ఆవిడే నవ్వుకునేది. దీనికి కొత్త మాట వెతకడానికి ముగ్గురు కూర్చున్నారు. మేనేజరు, ఏజెంట్లకి శిక్షణ ఇచ్చే కుర్రాయన, ఆవిడ.

"జనం భాష అంటే, 'మందు కొడతారా?' అనాలి మేడం," అన్నాడు శిక్షణాయన.

"ఛీ, ఛీ! ముసలావిణ్ణి పట్టుకుని మందు కొడతావా అని అడుగుతామా? పురుగుల మందు కొట్టినట్టు! జనం మాట అంటే మర్యాద లేని మాటని కాదయ్యా."

"మరి తాగుతారా అందాం," అన్నాడు మేనేజరు.

"ఏం తాగుతారా? టీయా? మంచినీళ్ళా?"

అలా ఒక గంట కొట్టుకున్నారు. చివరికి ఎర్ర పెన్ను తీసి ఆవిడే రాసింది. "మందు వేసుకునే అలవాటు ఉందా?" దాని కింద గళ్ళు: లేదు, అప్పుడప్పుడు, రోజూ ఒకసారి, రోజూ రెండుసార్లు లేదా ఎక్కువ. చదివి, "ఆహా, ఎంత మర్యాదగా ఉంది, ఎంత తెలుగుగా ఉంది," అన్నారు ఇద్దరూ. ఆవిడా అదే అనుకుంది. తాగుబోతుల మాట ఎంత పరువుగా చెప్పానా అని మురిసిపోయింది. వాళ్ళింట ఎన్నడూ సీసా చూసినవాళ్ళు లేరు. అందుకే ఆ మాటని అంత ముద్దుగా పట్టుకోగలిగింది. తాగేవాళ్ళ మధ్య పెరిగిన మనిషైతే ఈ పొరపాటు చచ్చినా చేసేది కాదు.

పిన్నులాయనకి ఫారం తెగ నచ్చింది. ఎనిమిది దేశాల్లోకీ సులువైన ఫారం మనదేనని చెప్పి, ఆవిడకి అద్దాల ఫ్రేములో ఒక ప్రశంసాపత్రం ఇచ్చాడు. ఆవిడ ఫొటో తీసి పటం పక్కన గోడకి కొట్టారు. తొమ్మిదో దేశంలో కంపెనీ తెరుస్తున్నారట, అక్కడివాళ్ళకి ఫారం ఎలా రాయాలో చెప్పడానికి ఆవిణ్ణే పంపిస్తారట. యాభై ఆరేళ్ళ వయసులో మొదటిసారి పాస్‌పోర్టుకి ఫొటో దిగింది. చెల్లెలింట్లో ఆ ఫొటో చూపించి ఎంత సంబరపడిందో! రంగులాయన, "వదినగారి పేరు బోర్డు మీదకి ఎక్కింది, ఇక నేను రిటైరవచ్చు," అన్నాడు.

గ్రూపు వచ్చాక మొదట అమ్మింది ప్రమాద బీమా. చవక. డాక్టరు పరీక్షలు లేవు, జబ్బుల ప్రశ్నలు లేవు. ఫారాలు వేలకి వేలు వచ్చిపడ్డాయి. వాటిని చదివే నాథుడు లేడు. టిక్కులు మాత్రం ఎక్కించుకుని, కాగితాలు పెట్టెల్లో పెట్టేవాళ్ళు. ఎవరైనా పోతేనో, కాలు విరిగితేనో అప్పుడు పెట్టె తెరవడం. నిచ్చెనల మీద పనిచేసే మనిషి కదా అని కామాలమ్మే పోరి మరిది చేత ఒక పాలసీ తీయించింది. ఏజెంటు ఇంటికొచ్చి ఫారం ఇస్తే, ఆయన సన్న కుంచె పట్టినంత శ్రద్ధగా పెన్ను పట్టి నింపాడట. ఆవిడ చూడలేదు. చూస్తే ఈ కథే లేదు.

ఆరు నెలలకి హెడ్డాఫీసునుంచి ఒక లెక్క వచ్చింది. తక్కిన ఏడు దేశాల్లో నూటికి ఇద్దరో ముగ్గురో పద్నాలుగో ప్రశ్నకి రోజూ అని టిక్కు పెడితే, ఇక్కడ నూటికి పదకొండు మంది పెట్టారట! తాగుడులో మనమే ఫస్టు. మూడింటి టీ దగ్గర అందరూ నోళ్ళు నొక్కుకున్నారు.

"అరవై దాటిన ఆడవాళ్ళట మేడం, రోజుకు రెండుసార్లట!" అన్నాడు శిక్షణాయన.

"కలికాలం. ఆ వయసులో రామా కృష్ణా అనుకోక ఇదేం పోయేకాలం," అంది కామాలమ్మ.

అక్కడున్న పదిహేను మందిలో ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి, అరవై దాటిన ముసలమ్మ రోజుకు రెండుసార్లు ఏ మందు వేసుకుంటుందో తట్టలేదు. బుర్రలున్నది టోపీలు పెట్టుకోవడానికా అని అడగాలి వాళ్ళని. అందరికంటే ముందు ఆవిణ్ణి అడగాలి.

ఇంకో నాలుగు నెలలకి రంగులాయన పోయాడు. చెప్పుల షాపు బోర్డు రాస్తున్నాడు. రెండంతస్తుల ఎత్తు, నిచ్చెన కింద ఇటుక కదిలింది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. బోర్డు మీద సగం అక్షరాలు అలాగే ఉండిపోయాయి. షాపాయన ఇంకొకరి చేత పూర్తి చేయించలేదు, ఇప్పటికీ ఆ దారిన వెళ్తే కనిపిస్తుంది. చెల్లెలు మనిషి కాలేదు చాలాకాలం. బీమా కాగితాలు పెట్టమని అక్కే చెప్పింది. "ఏమీ కంగారు పడకు, మన కంపెనీయే," అంది.

మన కంపెనీ! గ్రూపు వచ్చాక క్లెయిముల ఫైళ్ళ మీద పేర్లుండవు, నంబర్లే. ఎవరి మీదా ఎవరికీ పక్షపాతం ఉండకూడదని రూలు. హెడ్డాఫీసునుంచి నిర్ణయం వస్తుంది, దాన్ని తెలుగు ఉత్తరం చేసి ఇవ్వాలి, అంతే. ఒక మంగళవారం కామాలమ్మ బల్ల మీదకి అలాంటిది ఒకటి వచ్చింది. ఎత్తునుంచి పడి మరణం. పద్నాలుగో ప్రశ్నకి రోజూ రెండుసార్లు. మత్తులో జరిగిన ప్రమాదానికి బీమా వర్తించదు కనుక క్లెయిము తిరస్కరించడమైనది. ఇలాంటివి అప్పటికి ఇరవై ఆరు రాసింది, ఇది ఇరవై ఏడోది. తాగుబోతు కేసు కనుక మరిది సంగతి ఆవిడ ఊహకే రాలేదు. "తాగి ఎత్తులెక్కడం దేనికీ, పెళ్ళాం బిడ్డల్ని ఇలా వీధిన పడెయ్యడం దేనికీ? వెధవ బతుకు," అని పైకే అనుకుంది. ఉత్తరం చివర ఒక వాక్యం గరుకుగా ఉందనిపించి నున్నగా చేసింది. "మీ దుఃఖాన్ని అర్థం చేసుకుంటూనే, మరణించినవారు తమ అలవాటును స్వయంగా తెలియజేసినందున, మేము నిస్సహాయులం." కామాలు రెండూ ఉండాల్సిన చోట ఉన్నాయో లేదో చూసుకుని, సంతకానికి పంపింది.

ఆదివారం వెళ్తే చెల్లెలు గుమ్మంలోనే కవరు చేతిలో పెట్టింది. "ఆఫీసు తెలుగు నాకు తలకెక్కదక్కా. నువ్వే చదివి చెప్పు."

కామాలమ్మ కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి పంక్తి చదివింది. రెండోది చదవక్కర్లేకపోయింది. తన వాక్యం తనకి తెలియదా? తన కామాలు తనకి తెలియవా? కాగితంలోంచి తల ఎత్తలేక, ఉన్న నాలుగు పంక్తుల్నీ చదువుతున్నట్టు చాలాసేపు నటించింది.

"ఏమంటున్నారు?"

"ఇవ్వరట."

"ఎందుకని?"

"మత్తులో... మత్తులో పడ్డాడని అంటున్నారే."

చెల్లెలు అరుస్తుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. చెల్లెలు గోడకి జారబడి కూర్చుని, గొంతు బాగా తగ్గించింది, లోపల అత్తగారికి వినపడకుండా. "అక్కా, ఆయన తాగేవాడా? నాకు తెలియకుండా? రాత్రి తిన్నాక గంటసేపు తిరిగొస్తానని వెళ్ళేవాడు. బోర్డులు లైట్లలో ఎలా ఉన్నాయో చూసొస్తాననేవాడు. నేను నమ్మాను. నీకేమైనా తెలుసా? నా దగ్గర దాచకు."

అప్పుడైనా, "నోర్ముయ్, ఆయన అలాంటివాడు కాడు," అనాలా వద్దా? అనలేదు. ఫారంలో ఆయనే రాసిచ్చాడని హెడ్డాఫీసు అంటోందిగా! ముప్పై ఒక్క ఏళ్ళు కాగితాన్ని నమ్మిన మనిషి, ఇరవై రెండేళ్ళు కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్న మనిషిని ఒక నిమిషం అనుమానించింది. "రేపు ఫైలు చూస్తాను," అంది. గుమ్మం చాటునుంచి పిల్ల అంతా వింది.

సోమవారం పెట్టెల గదికి తనే దిగింది. నంబరు వెతికి కాగితం బయటికి తీసింది. అచ్చుగుద్దినట్టున్న ఆ అక్షరాలు చూడగానే కళ్ళు చెమర్చాయి. పద్నాలుగో ప్రశ్న దగ్గర, రోజూ రెండుసార్లు అన్న గడిలో చక్కటి టిక్కు. దాని పక్కన మార్జిన్‌లో, ఎవరూ చదవని చోట, ఆయన ఊరుకోలేక ఇంకో ముక్క రాశాడు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక. మరిచిపోతే మా ఆవిడ గుర్తుచేస్తుంది."

ఆవిడ అక్కడే ఒక పెట్టె మీద కూలబడింది. "మందు వేసుకున్నారా?" అన్న చెల్లెలి గొంతు చెవిలో గింగురుమంది. అరవై దాటిన ముసలమ్మలు అంతా వరసకట్టి కళ్ళముందు నిలబడ్డారు, చేతుల్లో మాత్రల డబ్బాలతో. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ సామెతలో కూడా ఉంది ఆ మాట! చిన్నప్పటినుంచీ వెయ్యిసార్లు అని ఉంటుంది. సిగ్గు అంటే ఏమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది. ఆ గదిలో ఎవరూ లేకపోయినా కొంగుతో ముఖం కప్పుకుంది.

మేనేజరు దగ్గరికి ఫారం పట్టుకెళ్ళి చూపించింది. ఆయన చదివాడు, మళ్ళీ చదివాడు, లేచి తలుపు వేశాడు.

"మేడం, ఇది ఒక్క మీ చెల్లెలిగారిది కాదు. ఇరవై ఏడూ తిరగదోడాలి. తొమ్మిదో దేశం ఆగిపోతుంది. అసలు ఆ మాట ఎవరు పెట్టారని మొదట అడుగుతారు." గాజు తలుపులోంచి హాల్లో గోడమీది ఫొటో కనిపిస్తోంది. ఆయన అటు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "నేనొకటి చేస్తాను. మీ చెల్లెలిగారి కేసు ప్రత్యేకంగా దయతో చూడమని రాస్తాను. డబ్బు వచ్చేస్తుంది. మిగతాది మన ఇద్దరి మధ్య ఉండనివ్వండి."

అమ్మయ్య, అనుకుంది కామాలమ్మ.

ఎంత సిగ్గుచేటైనా చెప్పాల్సిందే, నిజంగానే అమ్మయ్య అనుకుంది. చెల్లెలికి డబ్బు వస్తుంది, తన ఫొటో గోడమీద ఉంటుంది, రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళు పరువుగా గడిచిపోతాయి. పదకొండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగింది. ఎవరైనా పద్నాలుగు అంటే చాలు ఉలిక్కిపడేది, ఆఖరికి పద్నాలుగో తారీఖు అన్నా. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే అదే. చెల్లెలింటికి వెళ్ళలేదు, జలుబని కబురు చేసింది. దయతో ఇస్తున్న ఉత్తరం కూడా ఆవిడ బల్ల మీదకే వచ్చింది తెలుగుకి. "మృతుని అలవాటును పరిగణించకుండా, కుటుంబ పరిస్థితి దృష్ట్యా, దయతో." రాసింది. కామాలతో సహా రాసింది.

రెండు రోజులు తిరక్కుండానే చెల్లెలే వచ్చింది ఆవిడ గదికి. కవరు బల్ల మీద పడేసింది.

"ఇది నాకొద్దక్కా. 'అలవాటును పరిగణించకుండా' అట. ఈసారి నాకే అర్థమైంది, చదివి చెప్పక్కర్లేదు. తాగుబోతు పెళ్ళానివి, పోనీలే పాపం అని విసిరిన డబ్బు. కింద సంతకం పెట్టి తీసుకోవాలట. పెడితే ఔనన్నట్టే కదా? పిల్ల తండ్రి ఫొటోకేసి చూడ్డం మానేసింది, తెలుసా నీకు?"

కామాలమ్మకి ఇంక దాచడానికి చోటు లేకపోయింది. సంచిలోంచి ఒక ఖాళీ ఫారం తీసి, చెల్లెలి ముందు పెట్టింది. "పద్నాలుగోది చదివి జవాబు చెప్పు."

"ఇప్పుడు ఇదెందుకు?"

"చెప్పవే."

చెల్లెలు వేలు పెట్టి చదివింది. "మందు వేసుకునే అలవాటు ఉందా? నాకు లేదు. అత్తగారికి ఉంది, సుగర్‌కి. ఆయనకి బీపీకి ఉండేది. నీకూ ఉంది. అయితే ఏమిటి?"

"వాళ్ళడిగింది ఆ మందు కాదు. తాగే మందు."

చెల్లెలు ఫారంకేసి చూసింది. పెదవులు కదులుతున్నాయి, మళ్ళీ మళ్ళీ అదే ప్రశ్న చదువుకుంటోంది. తర్వాత ముఖం ఎర్రబడింది. "ఎవడు రాశాడిది? ఏ దరిద్రుడు రాశాడు? వాడింట్లో రోగమొచ్చినవాళ్ళే లేరా? వాడి చేతులు పడిపోను!"

"నేనే రాశాను."

బయట వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తంటాలు పడుతున్నారు. చెల్లెలు ఫారాన్ని మడిచి అక్క ముందు పెట్టింది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది చెల్లెలు.

అసలు ప్రశ్న అది. ఏ ఫారంలోనూ లేని ప్రశ్న. ఆవిడకి అబద్ధం నోటిదాకా వచ్చింది, నిన్ననే అందామని. అనలేకపోయింది. "నువ్వు ఉత్తరం నా చేతిలో పెట్టావు చూడు, ఆ మర్నాడు."

"రెండు వారాలా?"

"ఊఁ."

"తప్పు రాశావు, సరే. మనిషన్నాక తప్పు చేస్తుంది. నా మొగుణ్ణి చంపింది నువ్వు కాదు, ఇటుక." చెల్లెలు కవరుని ఇంకా అవతలికి నెట్టింది. "కానీ అక్కా, ఈ రెండు వారాలూ నేను ఆయన చొక్కాలు వాసన చూశాను. పెట్టె తీసి, ఒక్కొక్కటీ. టర్పెంటైన్ వాసన తప్ప ఏమీ రాలేదు. రాకపోతే ఏమనుకున్నానో తెలుసా? ఆ వాసన మాటున దాచాడనుకున్నాను! నువ్వు అక్కడ తెలిసి కూర్చుని, నా చేత నా మొగుడి చొక్కాలు వాసన చూపించావు."

అని లేచి వెళ్ళిపోయింది. కవరు బల్ల మీదే ఉండిపోయింది.

కామాలమ్మ ఆ రోజు ఏడవలేదు. ఏడిస్తే మనసు తేలికవుతుంది, తేలికయ్యే హక్కు తనకి లేదనుకుంది. మర్నాడు ఆఫీసుకి పెందలాడే వెళ్ళి, ఉత్తరాలు రాసింది. హెడ్డాఫీసుకి ఒకటి, బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే సర్కారు ఆఫీసుకి ఒకటి, ఇరవై ఏడు ఇళ్ళకి ఇరవై ఏడు. అడ్రసులు పెట్టెల గదిలో కూర్చుని ఫారాల్లోంచి తీసుకుంది. నంబర్ల వెనకాల ఉన్న పేర్లన్నీ అప్పుడే మొదటిసారి చదివింది. ఉత్తరంలో నాలుగే మాటలు. పద్నాలుగో ప్రశ్న తప్పుగా అడిగాం. అది డాక్టరు రాసిన మందులని మీవాళ్ళు అనుకుని ఉండొచ్చు. ఆ మాట పెట్టింది నేను. తిరస్కరించిన ఉత్తరం రాసిందీ నేనే. అడుగున తన పేరు. ఎర్ర పెన్ను ముట్టుకోలేదు.

మేనేజరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. పిన్నులాయన ఒకసారి వచ్చి వెళ్ళాడు, ఆవిడతో మాట్లాడలేదు. గోడమీది ఫొటో తీసేశారు, మేకు మిగిలింది. ఆవిణ్ణి కింద పెట్టెల గదికి మార్చారు, వచ్చిన కవర్ల మీద తారీఖు ముద్ర వెయ్యడానికి. ఫారం మారింది. ఇరవై ఏడు కేసులూ మళ్ళీ తెరిచారు. అందులో ఎనిమిది మంది నిజంగానే తాగేవాళ్ళని తేలింది, పంతొమ్మిది మంది కాదని తేలింది. ఒక పెద్దాయన ఆఫీసుకి వచ్చి, ఆ ఉత్తరం రాసినావిడ ఎవరని అడిగి, కిటికీలోంచి ఆవిణ్ణి నోరారా తిట్టి, కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు. ఆవిడ నిలబడి వింది. తొమ్మిదో పిన్ను రెండు నెలలు ఆలస్యంగా పడింది, పడకపోతుందా మరి?

చెల్లెలికి కొత్త ఉత్తరం వెళ్ళింది. మరణించినవారికి మద్యం అలవాటు ఉన్నట్టు ఎక్కడా ఆధారం లేదని, పొరపాటు కంపెనీదేనని. అది కామాలమ్మ బల్ల మీదుగా వెళ్ళలేదు. ఆవిడకి బల్లే లేదిప్పుడు. చెల్లెలు దాన్ని అక్క దగ్గరికి తేలేదు, తనే చదువుకుందట. పిల్ల దాన్ని ఫ్రేము కట్టించి తండ్రి ఫొటో కింద పెట్టిందని ఎవరో చెప్తే తెలిసింది. ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆవిడ గదిలో ఒక్కతే వండుకుని ఒక్కతే తింటోంది.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం పిల్ల గుమ్మంలో నిలబడింది. చెయ్యి పట్టుకు లాగలేదు. "పెద్దమ్మా, అమ్మ భోజనానికి రమ్మంది," అంది, అంతే.

వెళ్ళింది. నాలుగు కంచాలు వేశారు. రంగులాయన కూర్చునే చోట ఇప్పుడు పిల్ల కూర్చుంటోంది. చెల్లెలు వడ్డించింది. ఎక్కువ మాట్లాడలేదు, తక్కువా మాట్లాడలేదు. కూర ఇంకొంచెం వేసుకోమంది. అత్తగారు ఎండల గురించి ఏదో అంది. కామాలమ్మ తల వంచుకుని కలుపుకుంటోంది. చెల్లెలు గిన్నె కింద పెట్టి, అలవాటు ప్రకారం అక్కకేసి తిరిగింది.

"అక్కా, మం..." అని ఆగిపోయింది.

గిన్నె మీద మూత సర్దింది. మళ్ళీ అంది. "మాత్ర వేసుకున్నావా?"

ముప్పై ఒక్క ఏళ్ళు ఒక మాట తీసి ఒక మాట పెట్టిన మనిషికి, ఆ ఇంట్లో ఏ మాట పోయిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఏళ్ళ తరబడి రోజుకు రెండుసార్లు ప్రేమగా అడిగిన మాట అది. పెళ్ళాం మొగుణ్ణి అడిగిన మాట. ఇక ఆ ఇంట్లో ఎవరూ దాన్ని అనరు.

"వేసుకుంటానమ్మా," అంది, తల ఎత్తకుండా.